రోడ్డు భద్రతకు ఊరే ప్లాను వేసుకోవాలి

ప్రమాదం చెప్పిరాదు అంటారు. కాని క్యాజువాలిటీలో దెబ్బలకు కట్లు కట్టే మాకు తెలుసు: ఎక్కడ పడ్డారని అడిగితే తరచు అదే మలుపు, అదే కల్వర్టు పేరు చెబుతారు. ప్రమాదం ఎక్కడ పొంచి ఉందో ఊరికి ముందే తెలుసు. కనుక ముందే జాగ్రత్తపడవచ్చు.

1. గుర్తించండి: కాగితంపై మీ ఊరి రోడ్డు గీసి, ప్రమాదాలు జరిగిన చోట్లన్నీ గుర్తుపెట్టండి. బడి, బస్‌స్టాపు, హైవేలో కలిసే చోటు మరువకండి.

2. అడగండి: ఆ కాగితం గ్రామసభలో పెట్టి తీర్మానం చేయించండి. మలుపులో ముళ్ళకంప కొట్టించడం, వీధి దీపం వేయించడం పంచాయతీతో అయ్యే పనులే. హెచ్చరిక బోర్డు, స్పీడ్ బ్రేకరు కొరకు రోడ్డు ఏ శాఖదో కనుక్కొని, పంచాయతీరాజ్ లేదా ఆర్ అండ్ బి ఇంజనీరుకు అర్జీ ఇవ్వండి. మీరే మట్టికట్ట వేయకండి, రాత్రివేళ కనబడదు.

3. మన వంతు: వడ్లు రోడ్డుపై ఆరబోసి చుట్టూ రాళ్ళు పెట్టకండి. అలాంటి రాయి తగిలి పడిన ఒక యువకుణ్ణి ఒక రాత్రి మా వద్దకు తెచ్చారు. అతని హెల్మెట్ బండికే వేలాడుతూ ఉందట. హెల్మెట్ పెట్టుకుంటే మరణాపాయం సుమారు 42 శాతం, తలదెబ్బలు 69 శాతం తగ్గుతాయి. ట్రాక్టరు ట్రాలీ వెనుక ఎర్ర రిఫ్లెక్టర్లు అంటించండి.

4. ప్రమాదం జరిగితే: వెంటనే 108కు ఫోన్ చేయండి. రక్తం కారే చోట శుభ్రమైన గుడ్డతో నొక్కి పట్టండి. మెడ కదిలించకండి, నీళ్ళు తాగించకండి. కేసులకు భయపడకండి, 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం సాయం చేసినవారికి రక్షణ ఇస్తుంది.

వచ్చే గ్రామసభకు ఆ కాగితం మీరే తీసుకువెళ్ళండి.