బ్యూరెట్టును బావినీరును

మన ప్రాంతపు బావినీరు చూపునకు నిర్మలముగా నుండును. అయినను నల్లగొండ సీమయందలి పెక్కు గ్రామములలో నట్టి నీటినే త్రాగి పెరిగిన బాలుర పండ్లపై గోధుమరంగు చారలు పడుటయు, పెద్దల వెన్నును మోకాళ్లును బిగిసి వంగిపోవుటయు మన మెరిగినదే. ఇందులకు కారణము నీటిలో కరగియున్న ఫ్లోరైడు. ఈ వ్యాధిని నెల్లూరు ప్రాంతమున షార్టు మొదలగు వైద్యులు 1937లో వర్ణించిరి. నల్లగొండ జిల్లాలోని వ్యాధినిగూర్చి సిద్దికీ యను వైద్యుడు 1955లో బ్రిటిష్ మెడికల్ జర్నలునందు వ్రాసెను.

నాగపూరునందలి జాతీయ పర్యావరణ సాంకేతిక పరిశోధన సంస్థవారు 1970ల దశకమున ఫ్లోరైడును తగ్గించు నుపాయ మొకటి రూపొందించిరి. అది మన జిల్లా పేరిట నల్లగొండ పద్ధతి యని ప్రసిద్ధి కెక్కినది. నీటిలో సున్నమును, బ్లీచింగు పొడిని, పటికను కలిపి, మొదట వేగముగను పిదప మెల్లగను త్రిప్పి, గంటసేపు కదలక నిలువనిత్తురు. పటికనుండి పుట్టిన దూదివంటి మడ్డి ఫ్లోరైడును పట్టుకొని యడుగునకు దిగును. పైతేటను త్రాగుటకు తీసికొందురు. అయితే పటిక యెంత వేయవలెను? నీటిలోని ఫ్లోరైడును, నీటి క్షారతయు తెలిసినగాని యిది తేలదు. ఈ క్షారతను కనుగొను సాధనమే అంశమాపనము, అనగా టైట్రేషను.

బలము తెలిసిన ద్రావణమును కొలిచి పోసి, తెలియనిదాని గాఢతను కనుగొనుటయే అంశమాపనము. సంతలో తూకపురాళ్లతో ధాన్యమును తూచునట్లు ఇచ్చట ఆమ్లముతో క్షారమును తూచుచున్నాము. త్రాసుముల్లు చేయు పనిని మిథైల్ ఆరెంజి యను సూచిక చేయును. అది క్షారమున పసుపుగను ఆమ్లమున ఎరుపుగను కనబడును. నడుమ నారింజరంగు రాగానే ఆపవలెను.

ముందుగా తూకపురాయినే పరీక్షింతము. 1.06 గ్రాముల పొడి సోడియం కార్బొనేటును స్వేదనజలమున కరగించి సరిగా లీటరు చేసినచో 0.02 నార్మల్ ద్రావణమగును. పిపెట్టుతో దీనిని 25 ఘన సెంటీమీటర్లు కుప్పెలోనికి తీసికొని, రెండు చుక్కల సూచికను చేర్చి, బ్యూరెట్టునుండి పలుచని గంధకికామ్లమును వదలుదము. 20 ఘన సెంటీమీటర్లకు రంగు మారెననుకొందము. 25ను 0.02చే గుణించి 20చే భాగింపగా 0.025 వచ్చును. ఇదియే ఆమ్లముయొక్క నార్మాలిటీ.

ఇక 100 ఘన సెంటీమీటర్ల బావినీటికి అదే యామ్లము 16 ఘన సెంటీమీటర్లు పట్టెననుకొందము. 16ను 0.025చే గుణింపగా 0.4, దానిని కాల్షియం కార్బొనేటు తుల్యభారమగు 50చే గుణింపగా 20 మిల్లీగ్రాములు. కావున లీటరు నీటి క్షారత 200 మిల్లీగ్రాములు.

ఒక మిల్లీగ్రాము పటిక సుమారు 0.45 మిల్లీగ్రాము క్షారతను హరించును. ఆ నీటికి లీటరునకు 500 మిల్లీగ్రాముల పటిక కావలసినచో 225 క్షారత ఖర్చగును. ఉన్నదో 200 మాత్రమే. ఈ లోటును సున్నముతో పూరింపనియెడల నీరు ఆమ్లమగును. అల్యూమినియము కొంత మడ్డిగా దిగక నీటిలోనే నిలిచిపోవును. అజాగ్రత్తగల విద్యార్థి రంగు మారిన పిదపకూడ ఆమ్లమును వదలి 18.4 వద్ద ఆపెనేని, అతని లెక్కకు క్షారత 230 అగును. లోటు లేదని తలచి యతడు సున్నమును తగ్గించును. ప్రయోగశాలలో నది రెండున్నర ఘన సెంటీమీటర్లకు లోపడిన పొరపాటే. త్రాగువాని కుండలో నది చెడిన నీరు.

కావున విద్యార్థులారా, బ్యూరెట్టును ముందుగా ఆ యామ్లముతోనే కడుగుడు. కుప్పె క్రింద తెల్లకాగితము నుంచుడు. ద్రవము యొక్క క్రింది వంపునకు కన్ను సమముగా నుంచి కొలత చదువుడు. తుదిలో చుక్కచుక్కగా వదలుడు. రెండు కొలతలు 0.1 లోపల నేకీభవించువరకు మరల చేయుడు.

ఈ పరీక్ష ఫ్లోరైడును చూపదు. దానిని వేరుగా కొలిచి, లీటరునకు 1.5 మిల్లీగ్రాములకు మించకుండ చూడవలెను. 2016లో నారంభమైన మిషన్ భగీరథ గొట్టములద్వారా నదీజలము మన గ్రామములకు వచ్చినది. అయినను బావులును బోర్లును పూడిపోలేదు. మీ యూరి బావినీటిని శుభ్రమైన సీసాలో తెచ్చి క్షారతను కనుగొని, బావి పేరును, తేదీని, మూడు కొలతలను పుస్తకమున వ్రాసికొనుడు. వేసవిలో నొకమారును వానల పిదప నొకమారును చేసి పోల్చినచో, ఒకే బావినీరు ఏడాది పొడవున నొకే తీరుగ నుండునా యను ప్రశ్నకు మీరే సమాధానము చెప్పగలరు.