వంటయింటిలో మితాహారము

మితాహారమనగానే మనలో పెక్కుమందికి ఉపవాసము జ్ఞప్తికి వచ్చుచున్నది. ఈ రెండును ఒకటి కావు. ఉపవాసము ఏదో యొక తిథినాడు చేయునది. మితాహారము ఆకు ముందు కూర్చున్నప్పుడెల్ల, జీవితాంతము పాటింపవలసినది. మొదటిదానికి పట్టుదల చాలును. రెండవదానికి పట్టుదలతో పాటు వంటయింటి సహాయము కావలెను. బరువు తగ్గదలచిన గృహస్థునకును, అతని ఇంటివారికిని ఆ సహాయము ఎట్లు లభింపగలదో ఇచ్చట విచారింతము.

ఆహారమును పూర్తిగా విడుచుట మేలు కాదని ఛాందోగ్యోపనిషత్తు ఒక ప్రయోగము చేతనే చూపినది. తినిన అన్నములోని సూక్ష్మాంశము మనస్సగునని ఉద్దాలకుడు కుమారుడైన శ్వేతకేతువునకు బోధించి, పదునైదు దినములు అన్నము మాని నీరు మాత్రము త్రాగుమనెను. అట్లు చేసి వచ్చిన కుమారుని వేదములు చెప్పుమని అడుగగా, తనకేమియు స్ఫురించుట లేదని అతడు పలికెను. భోజనము చేసి వచ్చిన పిమ్మట అడిగినదానికెల్ల ఉత్తరము చెప్పగలిగెను. బరువు తగ్గవలెనని వైద్యుడు చెప్పిన మరునాటినుండి రాత్రి భోజనము మానివేసి, పదిదినములు తిరుగకమునుపే ఇంటిల్లిపాది మీదను విసుగుకొని, పదునొకండవనాడు రెట్టింపు తిను పెద్దమనుష్యులకు ఈ కథ చెప్పదగినది. గీత ఆరవ అధ్యాయమున భగవానుడు అతిగా తినువానితో పాటు, బొత్తిగా తిననివానికిని యోగము కుదరదని చెప్పియున్నాడు.

చరకాచార్యుడు సూత్రస్థానమున అతిస్థూలుని గూర్చి ప్రత్యేకముగా వ్రాసెను. అతిభోజనము, గురువును మధురమును స్నిగ్ధమును అగు పదార్థములు, వ్యాయామము లేకుండుట, పగటినిద్ర అను వానిని కారణములుగా చెప్పుచు, వానితో పాటు బీజస్వభావమును గూడ చేర్చెను. అనగా తలిదండ్రులనుండి సంక్రమించు శరీరతత్త్వము. లావుగా నున్న ప్రతివానిని తిండిపోతని పరిహసించువారు ఈ మాటను గమనింపవలెను. ఒకే ఇంట, ఒకే పాత్రనుండి తినిన అన్నదమ్ములలో ఒకడు బక్కగాను, ఒకడు భారీగాను ఉండుట మనము చూచుచునే యున్నాము.

అయినను స్వభావమొక్కటే కారణమనుకొనుటకు వీలులేనంతగా ఈ సమస్య నేడు పెరిగినది. భారత వైద్య పరిశోధనా మండలి ఆధ్వర్యమున జరిగి 2023లో ప్రకటింపబడిన పరిశీలన ననుసరించి మన దేశమున 10 కోట్లకు పైగా మధుమేహ రోగులు కలరు. పెద్దలలో నూటికి దాదాపు 40 మందికి పొట్టచుట్టు కొవ్వు మితిమీరి యున్నది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్ స్త్రీలలో నూటికి సుమారు 36 మంది అధిక బరువు కలవారుగా తేలిరి. అదే సర్వేలో దేశమందలి స్త్రీలలో నూటికి 57 మంది రక్తహీనులు. ఈ రెండు సంఖ్యలను పక్కపక్కన పెట్టి చూచినచో మన భోజనములోని లోపము తెలియును. ఆకలి తీర్చు పదార్థము అధికము. రక్తమును కండను పోషించు పదార్థము అల్పము. కావున తగ్గించుట యనగా అన్నిటిని సమముగా తగ్గించుట కాదు. పప్పును ఆకుకూరను తగ్గించిన ఇల్లాలు ఒక రోగమును పోగొట్టబోయి మరియొకదానిని తెచ్చుకొనును.

క్రమముగా తగ్గించుటకు బౌద్ధ వాఙ్మయమున ఒక చక్కని ఉదాహరణము కలదు. కోసల రాజగు ప్రసేనజిత్తు భోజనప్రియుడు. ద్రోణము ప్రమాణము గల బియ్యపు అన్నము తినువాడట. ఒకనాడు కడుపునిండ తిని, ఒగర్చుచు బుద్ధుని సన్నిధికి వచ్చెను. బుద్ధుడు అతనిని నిందింపలేదు, ఉపవాసము చేయుమనలేదు. భోజనమున మితము తెలిసినవాని బాధలు తగ్గునను భావము గల యొక గాథను చెప్పెను. సుదర్శనుడను యువకుడు దానిని నేర్చుకొని, రాజు భుజించు సమయమున ప్రతిదినము వినిపించుచుండెను. కొంతకాలమునకు రాజు ఆహారము నాళికా ప్రమాణమునకు దిగెను, శరీరము తేలికపడెను. సంయుత్తనికాయము ఇంతవరకు చెప్పగా, ధమ్మపదము మీది వ్యాఖ్య మరియొక వివరమును చేర్చినది. రాజు కడపటి ముద్ద నెత్తినప్పుడు గాథ వినబడును. అతడు ఆ ముద్దను విడిచిపెట్టును. ఆ ముద్దలో ఎన్ని మెతుకులుండునో అన్ని బియ్యపు గింజలు మరుసటి వంటలో తగ్గింపవలెను.

ఈ కడపటి వివరమే మన గృహిణులకు ముఖ్యమైనది. రాజు నిగ్రహము ఆకు దగ్గర మొదలై కొలత దగ్గర స్థిరపడినది. వండిన పిమ్మట మానుట కష్టము, వండకుండుట సులభము. నలుగురున్న ఇంట పూటకు ఒక పిడికెడు బియ్యము, అనగా సుమారు 40 గ్రాములు, తగ్గించినచో తలకు 10 గ్రాములు తగ్గును. బియ్యము 100 గ్రాములకు దాదాపు 350 కాలరీల శక్తి నిచ్చును గనుక పూటకు 35 కాలరీలు తగ్గినవన్నమాట. ఎవ్వరికిని తెలియనైన తెలియదు. పదునైదు దినములైన పిమ్మట మరియొక పిడికెడు తగ్గింపవచ్చును. గంజి వార్చినచో అన్నములోని శక్తియంతయు పోవునని కొందరు తలంతురు. పిండిపదార్థము కొంత పోవుట నిజమే గాని, దానితో బి విటమినులును పోవును. ఆ లాభమునకు ఈ నష్టము తగదు.

మన భోజనపద్ధతిలోనే ఒక చిక్కున్నది. పప్పుతో ఒకమారు, కూరతో ఒకమారు, పులుసుతోనో చారుతోనో ఒకమారు, పెరుగుతో ఒకమారు అన్నము కలుపుకొందుము. ప్రతిమారును గరిటెడు వడ్డింపబడును. ఇతర ప్రాంతములవారు రొట్టెల సంఖ్య చెప్పగలరు. మనము తినిన అన్నమెంతయో మనము చెప్పలేము. దీనికి మార్గము వడ్డనలోనే కలదు. తినదగిన అన్నమంతయు మొదటనే ఒకమారు వడ్డించి, దానినే నాలుగు భాగములు చేసికొనవలెను. కంచములో సగము కూరయు ఆకుకూరయు ఆక్రమింపవలెను. పప్పు పలుచగా కాక ముద్దగా వండవలెను. కడపట పెరుగన్నమునకు మారుగా, వెన్న తీసిన చిక్కని మజ్జిగలో కరివేపాకు, అల్లము వేసి గ్లాసెడు త్రాగినను తృప్తి కలుగును. పెరుగన్నము లేనిదే భోజనము ముగిసినట్లు తోచనివారు చివరిభాగమును దానికై యుంచుకొందురు గాక.

ఇక నూనె సంగతి. పిండిపదార్థములును మాంసకృత్తులును గ్రామునకు 4 కాలరీలీయగా, నూనెయు నేయియు 9 కాలరీలిచ్చును. చిన్న చెంచాడు నూనెయే 40 కాలరీలు. అయినను వంటయింటిలో కొలత లేక పడునది ఇదియొక్కటే. ఉప్పును చిటికెలతో లెక్కించు ఇల్లాలు నూనెను డబ్బానుండి నేరుగా వంపును. నలుగురి కుటుంబమున నెలకు 4 లీటర్లు ఖర్చగుచున్నదనుకొందము. అది దినమునకు తలకు సుమారు 30 గ్రాములు, 270 కాలరీలు. దానిని రెండున్నర లీటర్లకు దింపినచో తలకు 100 కాలరీలు తగ్గును, నెలకు 3,000. కిలో కొవ్వులో దాదాపు 7,700 కాలరీలుండును. కావున లెక్కప్రకారము నూనెయొక్కదానివలననే రెండున్నర నెలలలో కిలో తగ్గవలెను. శరీరము గణితపుస్తకము కాదు గనుక కొంత ఆలస్యమగును. నెల మొదట రెండున్నర లీటర్లు వేరుపాత్రలో పోసికొని, గరిటెతో కాక చెంచాతో వాడుటయే దీనికి ఉపాయము.

రుచి చెడునను భయము సహజమే. వేపుడు తెలుగువారికి ప్రాణము. దొండకాయ ముక్కలను ఉప్పు, పసుపు చల్లి మూతపెట్టి తమ తేమతోనే మగ్గనిచ్చి, పిమ్మట ఇనుప మూకుడులో రెండు చెంచాల నూనెతో తిరుగమోత పెట్టి ఎఱ్ఱగా వేయించినచో, గరిటెలతో నూనె పోసి చేసినదానికి పెద్దగా తీసిపోదు. వంకాయ దూదివలె నూనెను పీల్చును. ముందుగా ఆవిరిమీద మెత్తబరచినచో ఆ గుణము అణగును. అంతకంటెను నిప్పులమీద కాల్చి, చింతపండు, పచ్చిమిరప చేర్చి పచ్చడి చేయుట ఉత్తమము. ఆవపెట్టిన అరటికాయ, పొట్లకాయ పెరుగుపచ్చడి, సొరకాయ పులుసు, మజ్జిగపులుసు, తోటకూర పప్పు మున్నగునవి తక్కువ నూనెతోనే రుచించు వంటలు. మన పూర్వులు కనిపెట్టిన ఇడ్లీ, ఆవిరికుడుము ముందు ఏ క్రొత్త వంటయు నిలువదు. వానిప్రక్కన కొబ్బరిపచ్చడిని గిన్నెడు పెట్టుకొనుటయే లోపము. దుంపలను గూర్చియు ఒక్కమాట. 100 గ్రాముల ఉడికిన బంగాళాదుంప సుమారు 80 కాలరీలు. అదే బరువు గల చిప్స్ 500కు మించును. దోషము దుంపది కాదు.

సాత్త్వికాహారమని పేరుపెట్టి నేయిని, బెల్లమును, తేనెను కొలత లేక వాడువారు భక్తులలో అధికముగా కనబడుదురు. గీత పదునేడవ అధ్యాయమున స్నిగ్ధాహారము సాత్త్వికులకు ప్రియమని చెప్పబడిన మాట వాస్తవమే, గిన్నెడని చెప్పబడలేదు. మొదటి ముద్దలో చెంచాడు నేయి సువాసననిచ్చును. తరువాతి చెంచాల రుచి నాలుకకు సగము తెలియదు. బెల్లమునకును పంచదారకును శక్తిలో భేదమత్యల్పము.

చిరుధాన్యములు నేడు మరల ఆదరణ పొందుచున్నవి. చరకుడు స్థూలులకు చెప్పిన ధాన్యములలో కొర్రలు, శ్యామాకములు, జొన్నలు, అరికెలు, యవలు కలవు. పప్పుదినుసులలో పెసలు, ఉలవలు, కందులు కలవు. కూడ పటోలమును ఉసిరికయును చెప్పెను. వీనిలో పెక్కు మన మెట్టపొలములలో పండునవే. అయితే ఒక భ్రమను తొలగించుకొనవలెను. కొర్రలును జొన్నలును ఎత్తుకెత్తు చూచినచో బియ్యముతో దాదాపు సమానమైన శక్తినే ఇచ్చును. వానియందలి పీచు వలన కడుపు త్వరగా నిండి, ఆకలి ఆలస్యముగా వేయుటయే లాభము. బియ్యపన్నము తిన్నంత కొర్రన్నమును తిని, పైన నేతితో కొర్రపాయసము త్రాగినచో లాభమేమి?

ఉపవాసదినములు ప్రత్యేకముగా చెప్పదగినవి. ఫలహారమనగా ఫలములు తినుట. కాలక్రమమున అది అన్నము తప్ప తక్కినదేదైన తినుట యైనది. శనివారము రాత్రి అన్నము మానినవారికై జీడిపప్పు ఉప్మా, పూరీ, బంగాళాదుంప కూర సిద్ధమగును. రెండు గరిటెల అన్నము, చారు, మజ్జిగ తినినచో అందులో సగము శక్తియైన చేరకపోవును. వ్రతము మానుమని మేము చెప్పుట లేదు. వ్రతమును దాని పేరునకు తగినట్లు చేయుమని కోరుచున్నాము. శ్రీరామనవమినాటి వడపప్పు చూడుడు. నానబెట్టిన పెసరపప్పు, కొబ్బరి, మామిడి తురుము. నూనె చుక్కయు లేదు. నైవేద్యమునకు గారెలు, బూరెలు చేసిన దినములలోను దేవునికి పళ్లెము నింపి, మనము ప్రసాదమును ప్రసాదముగనే, అరచేతిలో ఇమిడినంత మాత్రమే గ్రహింపవచ్చును. మధుమేహమునకు ఇన్సులిన్ గాని మాత్రలు గాని వాడువారు మాత్రము భోజనము మానుటకు, గణనీయముగా తగ్గించుటకు పూర్వము వైద్యుని తప్పక అడుగవలెను. రక్తములో చక్కెర హఠాత్తుగా పడిపోవుట ప్రాణాపాయకరము.

చాలమంది గృహిణులు చేయు మరియొక పని, బరువు తగ్గవలసినవానికి వేరుగా చప్పిడి వంట వండుట. తండ్రి ఒకమూల ఉడికిన కూర తినుచుండగా పిల్లలు ఎదుట వేపుడు తినుచుందురు. పథ్యము శిక్షగా మారిన ఇంట అది నెల దినములు కూడ నిలువదు. ఇంటిల్లిపాదికి ఒకే వంట ఉండవలెను. భేదము వడ్డనలో చూపవలెను. ఎదుగు పిల్లలకు, గర్భిణికి, చిక్కిపోయిన వృద్ధులకు అదే పప్పులో చెంచాడు నేయి అధికముగా వేయవచ్చును, మరియొక గరిటెడు అన్నము పెట్టవచ్చును. వారికి మితము పేరిట ఆకలి కల్పించుట తగదు.

చివరగా వడ్డించునామె సంగతి. అందరును తినిన పిమ్మట కూర్చుండు తల్లికి మిగిలినదే భోజనము. అన్నము పరబ్రహ్మస్వరూపమని పెంచబడినది గనుక, పారవేయజాలక, ఆకలి తీరిన తరువాతను గిన్నె అడుగున నున్నది తన కంచములో వేసికొనును. పిల్లవాడు విడిచిన సగము అట్టును ఆమెయే తినును. పాపమును తప్పించుకొనుటకై ఆమె చేయు ఈ పని ఏండ్ల తరబడి ఆమె మోకాళ్లమీద భారమై కూర్చున్నది. దీనిని ఆమె ఒంటరిగా మాన్పుకొనలేదు. ఇంటివారు ఆమెతో కలసి కూర్చుండి భుజింపవలెను. పాత్రలు నడుమనుంచుకొని ఎవరికి వారు వడ్డించుకొనినచో ఎంత మిగులుచున్నదో అందరికిని కనబడును. ప్రతిరాత్రి మిగిలినదానిని చూచి, అంత బియ్యము మరునాటి కొలతలో తగ్గింపవలెను. అప్పటికిని గుప్పెడు మిగిలినచో పాలు పోసి తోడుపెట్టి, ఉదయము ఉల్లిపాయ, పచ్చిమిరపతో చద్దన్నముగా తినవచ్చును. ఆ ఉదయము అట్లు వేయనక్కరలేదు.