మందు – మెలకువ

పాఠ్యాంశ పరిచయం

శాస్త్రవిజ్ఞానాన్ని ప్రజల నిత్యజీవితానికి అన్వయించి చెప్పే వ్యాసం ఇది. ఉబ్బసం, కీళ్లవాతం వంటి వ్యాధులకు వాడే స్టెరాయిడ్ మందుల వల్ల గొంతులోను, కడుపులోను కలిగే ఇబ్బందులు ఏమిటి, అవి ఎందుకు కలుగుతాయి, మందు మానకుండానే వాటిని ఎలా తగ్గించుకోవచ్చు అనే విషయాలను ఈ పాఠం వివరిస్తుంది.

పాఠ్యాంశం

వినుకొండ పల్నాటి సీమలోని పాత పట్టణం. సీతాపహరణ వార్తను శ్రీరాముడు విన్న కొండ కనుక దీనికి ఆ పేరు వచ్చిందని స్థలపురాణం చెబుతుంది. కవికోకిల గుఱ్ఱం జాషువ 1895లో జన్మించింది ఇక్కడే. చిరకాలం గుంటూరు జిల్లాలో భాగంగా ఉన్న ఈ పట్టణం 2022 ఏప్రిల్‌లో ఏర్పడిన పల్నాడు జిల్లాలో చేరింది. ఈ ప్రాంతపు పొలాలలో ఒకవైపు తెల్లని పత్తి, మరొకవైపు ఎర్రని మిరప కనిపిస్తాయి. గుంటూరు సన్నం మిరపకు 2010లో భౌగోళిక గుర్తింపు లభించింది. కోతల కాలంలో కళ్లాలలో ఎండబోసిన మిరపకాయలు నేలపై ఎర్రని తివాచీ పరచినట్లుంటాయి. అయితే ఆ ఎరుపు వెనుక ఘాటు కూడా ఉంది. కాయలు కోసేవారు, ముచ్చికలు తీసేవారు, బస్తాలకు ఎత్తేవారు ఆ ఘాటును రోజంతా పీలుస్తారు. పత్తి మిల్లులలో పనిచేసేవారి ఊపిరిలోకి నూగు వంటి సన్నని దుమ్ము చేరుతుంది. ఉబ్బసం ఉన్నవారికి ఈ రెండూ శత్రువులే. ఇక భోజనంలో కారానిదే అగ్రస్థానం.

ఇటువంటి చోట స్టెరాయిడ్ మందు వాడే రోగికి గొంతు మండినా, కడుపు మండినా “ఈ మందు నాకు పడలేదు, మానివేస్తాను” అనే ఆలోచన కలగడం సహజం. కాని ఆ నిర్ణయం ఒక్కొక్కప్పుడు ప్రాణం మీదికి తెస్తుంది. మందును విడిచిపెట్టడం కంటె దానిని వాడే మెలకువ నేర్చుకోవడం రోగికి మేలు చేస్తుంది.

స్టెరాయిడ్ అనే మాట వినగానే కండలు పెంచుకోవడానికి కొందరు క్రీడాకారులు దొంగచాటుగా వాడే మందు చాలామందికి గుర్తుకు వస్తుంది. అది వేరు, వైద్యులు ఉబ్బసానికి ఇచ్చేది వేరు. మన మూత్రపిండాలపై టోపీల వలె అమరి ఉన్న అధివృక్క గ్రంథులు కార్టిసాల్ అనే హార్మోనును ప్రతిరోజూ తయారుచేస్తాయి. వాపును అదుపు చేయడం, రక్తపుపోటును నిలపడం, ఆపదలో శరీరానికి శక్తి సమకూర్చడం దాని పనులు. ప్రెడ్నిసలోన్, డెక్సామెథసోన్, బ్యుడెసొనైడ్ వంటి మందులు ఆ హార్మోనుకు దగ్గరి బంధువులు.

ఈ మందుల చరిత్ర ఆసక్తికరమైనది. 1948 సెప్టెంబరులో అమెరికాలోని మేయో క్లినిక్ వైద్యుడు ఫిలిప్ హెంచ్, కీళ్లవాతంతో నడక కష్టమైన ఒక యువతికి కార్టిజోన్‌ను సూదిమందుగా ఇప్పించారు. ఆ పదార్థంపై ఏళ్ల తరబడి కృషి చేసినవారు ఆయన సహచరుడు ఎడ్వర్డ్ కెండాల్. కొద్ది రోజులలోనే ఆమె సునాయాసంగా నడవగలిగింది. 1950లో హెంచ్, కెండాల్, స్విట్జర్లాండు శాస్త్రవేత్త టేడియస్ రైక్‌స్టైన్‌లకు నోబెల్ బహుమతి లభించింది. ఆ సంతోషం చల్లారక ముందే ఇబ్బందులు బయటపడ్డాయి. అధిక మోతాదులో దీర్ఘకాలం వాడినవారికి ముఖం ఉబ్బడం, రక్తంలో చక్కెర పెరగడం, ఎముకలు బలహీనపడడం వైద్యులు గమనించారు. మందు ఎంత గొప్పదైనా మోతాదు, వ్యవధి, వాడే విధానం అంతకంటె ముఖ్యమని అప్పటినుంచి వైద్యలోకం గుర్తించింది.

మోతాదును తగ్గించే ప్రయత్నంలో వచ్చినదే పీల్చే మందు. 1972లో బ్రిటన్‌లో బెక్లోమెథసోన్ ఇన్‌హేలర్ వాడుకలోకి వచ్చింది. మాత్రలో స్టెరాయిడ్‌ను మిల్లీగ్రాములలో కొలుస్తారు. ఇన్‌హేలర్‌లో దానిని మైక్రోగ్రాములలో, అంటే మిల్లీగ్రాములో వెయ్యోవంతులలో కొలుస్తారు. మందు నేరుగా ఊపిరితిత్తులకు చేరుతుంది కనుక తక్కువ మోతాదు సరిపోతుంది. అయితే పీల్చినదంతా ఊపిరితిత్తులకు చేరదు. అందులో చాలా భాగం నోటిలోను, గొంతులోను అంటుకొని నిలిచిపోతుంది. గొంతు ఇబ్బందులకు మూలం ఇదే.

నోటిలో కాండిడా అనే శిలీంధ్రం చాలామందిలో ఏ హానీ చేయకుండా నివసిస్తుంది. స్టెరాయిడ్ నిలిచిన చోట రోగనిరోధక శక్తి కొంత తగ్గగానే అది విజృంభిస్తుంది. నాలుకపైన, బుగ్గల లోపల పెరుగు తరకల వంటి తెల్లని మచ్చలు ఏర్పడతాయి. రుచి మారుతుంది, మింగేటప్పుడు మంట పుడుతుంది. కొందరికి స్వరపేటికపై మందు ప్రభావం వల్ల గొంతు బొంగురుపోతుంది. మధుమేహం ఉన్నవారికి, కట్టుడు పళ్లు పెట్టుకొనేవారికి శిలీంధ్రం బెడద ఎక్కువ.

దీనికి నివారణ ఖర్చు లేనిది. మందు పీల్చిన వెంటనే నీటితో నోరు బాగా పుక్కిలించి, గొంతులో గరగరలాడించి, ఆ నీటిని ఉమ్మివేయాలి, మింగరాదు. ఉదయం, రాత్రి పళ్లు తోముకోవడానికి ముందు మందు పీల్చే అలవాటు చేసుకుంటే ఈ నియమం మరచిపోయే అవకాశం ఉండదు. నొక్కి పీల్చే ఇన్‌హేలర్‌కు స్పేసర్ అనే బోలు గొట్టాన్ని అమర్చుకుంటే పెద్ద తుంపరలు ఆ గొట్టంలోనే ఆగిపోతాయి. గొంతుకు చేరే మందు తగ్గి, ఊపిరితిత్తులకు చేరేది పెరుగుతుంది. అటువంటి ఇన్‌హేలర్‌ను ముందుగా బాగా కుదిపి, ఊపిరి పూర్తిగా వదలి, నెమ్మదిగా లోతుగా పీల్చి, సుమారు పది సెకన్లు బిగబట్టాలి. పొడిమందు పరికరాన్నయితే వేగంగా, బలంగా పీల్చాలి. పొడి నింపిన గొట్టపు మాత్రను మింగేవారు కూడా ఉన్నారు. ఆ మాత్ర పరికరంలో పెట్టి పీల్చడానికే గాని మింగడానికి కాదు. తెల్లని మచ్చలు కనిపిస్తే వైద్యుడు శిలీంధ్రాన్ని అణచే పూతమందునో, మాత్రనో ఇస్తాడు. మింగడమే కష్టమైతే ఆలస్యం చేయరాదు.

మిరప సీమలో మరొక చిక్కు ఉంది. గొంతు మంట మందు వల్ల వచ్చినదా, కళ్లంలోని ఘాటు వల్ల వచ్చినదా అన్న సందేహం కలుగుతుంది. పనికి వెళ్లిన రోజున మాత్రమే మంట, దగ్గు వచ్చి, ఇంటిపట్టున ఉన్న రోజున తగ్గితే ఘాటును అనుమానించాలి. పని ఉన్నా లేకున్నా మంట నిలిచి ఉండి, నోటిలో మచ్చలు కనిపిస్తే మందును అనుమానించాలి. పనిచేసేటప్పుడు ముక్కు, నోరు కప్పుకొనడం మొదటిదానికి, పుక్కిలించడం రెండవదానికి ఉపాయం. ఉబ్బసం ఉన్న కూలీ ఈ తేడా తెలియక పీల్చే మందు మానివేస్తే, సరిగ్గా ఘాటు ఎక్కువగా ఉండే కోతల కాలంలోనే ఆయాసం తిరగబడుతుంది. స్టెరాయిడ్ ఇన్‌హేలర్ ఫలితం వెంటనే తెలియదు. దాని మేలు కొద్ది రోజులు, వారాల వాడుకలో క్రమంగా బయటపడుతుంది. కనుకనే దానిని తొందరపడి మానివేసేవారు ఎక్కువ.

ఇక కడుపు సంగతి. జీర్ణకోశపు లోపలి పొరను జఠరరసంలోని ఆమ్లం నుంచి ఒక జిగురు పూత కాపాడుతుంది. ఆ పూతను నిలిపే పదార్థాలను స్టెరాయిడ్‌లు తగ్గిస్తాయి. ఏర్పడిన గాయం మానడాన్ని ఆలస్యం చేస్తాయి. అందువల్ల కొందరికి మంట, త్రేన్పులు, వికారం కలుగుతాయి. స్టెరాయిడ్ ఒక్కటే వాడినప్పటి కంటె డైక్లోఫినాక్, ఐబుప్రొఫెన్, ఆస్పిరిన్ వంటి నొప్పి మాత్రలతో కలిపి వాడినప్పుడు కడుపులో పుండు ఏర్పడే ప్రమాదం అనేక రెట్లు పెరుగుతుంది. నడుము నొప్పికి, ఒళ్లు నొప్పులకు మందుల దుకాణంలో అడిగి తెచ్చుకొనే మాత్ర ఇక్కడ అసలు ముప్పుగా మారుతుంది.

స్టెరాయిడ్ మాత్రను పరగడుపున వేసుకోరాదు. రోజుకు ఒక్కసారి వేసుకొనే మాత్రను ఉదయం అల్పాహారం తరువాత వేసుకోవడం ఉత్తమం. శరీరం తన కార్టిసాల్‌ను తెల్లవారుజామున ఎక్కువగా తయారుచేస్తుంది కనుక ఆ వేళ శరీర స్వభావానికి అనుకూలమైనది. రాత్రివేళ వేసుకుంటే నిద్ర చెడుతుంది. ముప్పు ఎక్కువగా ఉన్నవారికి వైద్యులు ఒమెప్రజోల్, పాంటోప్రజోల్ వంటి ఆమ్లాన్ని తగ్గించే మందు కూడా ఇస్తారు. దానిని అల్పాహారానికి అరగంట ముందు, స్టెరాయిడ్‌ను అల్పాహారం తరువాత వేసుకోవాలి. మలం తారు వలె నల్లగా ఉండడం, వాంతిలో రక్తం గాని కాఫీపొడి వంటి పదార్థం గాని పడడం, కడుపులో తీవ్రమైన నొప్పి రావడం ప్రమాద సూచనలు. స్టెరాయిడ్ వాడేవారిలో కడుపులోని కీడు తన లక్షణాలను దాచుకుంటుంది కనుక కొద్దిపాటి నొప్పినైనా తేలికగా తీసుకోరాదు.

కారం తింటే పుండు పడుతుందని పెద్దలు అంటారు. 1982లో ఆస్ట్రేలియా వైద్యులు బారీ మార్షల్, రాబిన్ వారెన్ కడుపులో పెరిగే హెలికోబాక్టర్ పైలోరి అనే సూక్ష్మజీవిని వేరుచేశారు. జీర్ణకోశ వ్రణాలకు అది ముఖ్య కారణమని తేల్చినందుకు 2005లో వారికి నోబెల్ బహుమతి లభించింది. కాబట్టి వ్రణానికి మిరప మూలకారణం కాదు. కాని మిరపలోని కాప్సైసిన్, వేడిని గుర్తించే నాడులను ప్రేరేపించి మంట పుట్టిస్తుంది. ఆ నాడీ గ్రాహకాన్ని కనుగొన్న డేవిడ్ జూలియస్ 2021లో నోబెల్ బహుమతిని పంచుకున్నారు. అప్పటికే పొక్కిన నోటికి, రేగిన కడుపుకు కారం బాధను పెంచుతుంది. అందువల్ల మంట తగ్గేవరకు కొరివికారం, గోంగూర పచ్చడి పక్కన పెట్టి, పెరుగన్నం, మజ్జిగ, కారం తగ్గించిన పప్పు, ఇడ్లీ తీసుకోవడం మంచిది. పచ్చళ్లను తగ్గించడానికి మరొక కారణం వాటిలోని ఉప్పు. స్టెరాయిడ్‌తో ఉప్పు తోడైతే ఒంటికి నీరు పడుతుంది, రక్తపుపోటు పెరుగుతుంది. రాగిజావ, పాలు, నువ్వులు, ఆకుకూరలు ఎముకలకు కావలసిన కాల్షియాన్ని ఇస్తాయి.

అన్నింటికంటె ముఖ్యమైన నియమం ఒకటి ఉంది. బయటినుంచి మాత్ర రూపంలో హార్మోను అందుతున్నంత కాలం అధివృక్క గ్రంథులు తమ పనిని తగ్గించుకుంటాయి. సుమారు మూడు వారాలకు మించి మాత్రలు వాడి ఒక్కసారిగా మానివేస్తే ఆ గ్రంథులు వెంటనే మేలుకొనలేవు. తీవ్రమైన నీరసం, కళ్లు తిరగడం, వాంతులు, రక్తపుపోటు పడిపోవడం సంభవించి ప్రాణాపాయం కలగవచ్చు. కడుపు మండుతున్నదని మాత్ర మానిన రోగి ఈ అపాయంలో పడతాడు. వైద్యుడు చెప్పిన ప్రకారం మోతాదును అంచెలంచెలుగా తగ్గించాలి.

కొన్ని వ్యాధులలో స్టెరాయిడ్ అవసరాన్నే తగ్గించే మందులు ఉన్నాయి. కీళ్లవాతంలో వారానికి ఒక్కసారి మాత్రమే ఇచ్చే మెథోట్రెక్సేట్ అటువంటిది. జాషువ పుట్టిన 1895లోనే భీమవరంలో జన్మించిన ఎల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వంలో అమెరికాలోని లెడర్లీ పరిశోధనశాలలో రూపొందిన మందు అది. హెంచ్ ప్రయోగానికి కొద్ది వారాల ముందు, 1948 ఆగస్టులో సుబ్బారావు కన్నుమూశారు. ఆయన బృందం ఇచ్చిన మందు తరువాతి కాలంలో ఎందరో కీళ్లవాత రోగుల స్టెరాయిడ్ మోతాదును తగ్గించింది.

స్టెరాయిడ్ రెండంచుల కత్తి అని కరోనా కాలం రుజువు చేసింది. ప్రాణవాయువు అవసరమైన రోగులలో డెక్సామెథసోన్ మరణాలను తగ్గించిందని 2020 జూన్‌లో బ్రిటన్‌లోని రికవరీ పరిశోధన వెల్లడించింది. ప్రాణవాయువు అవసరం లేనివారికి దానివల్ల మేలు కనిపించలేదు. 2021లో మన దేశంలో అవసరానికి మించిన వాడుక, అదుపు తప్పిన మధుమేహం తోడై నల్ల శిలీంధ్ర వ్యాధి ఎందరినో బలిగొన్నది. ఒకే మందు ఒకచోట ప్రాణం నిలిపింది, మరొకచోట ప్రాణం తీసింది. మందు చీటీ లేకుండా స్టెరాయిడ్ కొనడం, ఒకరికి రాసిన మందును మరొకరు వాడడం ఎంత ప్రమాదమో దీనివల్ల తెలుస్తున్నది.

పీల్చిన తరువాత పుక్కిలించడం, తిన్న తరువాత మింగడం, చెప్పకుండా మానకపోవడం, చీటీ లేకుండా కొనకపోవడం: ఈ నాలుగు నియమాలు చదువు రానివారికి సైతం ఒక్క నిమిషంలో చెప్పదగినవి. అమ్మమ్మకో, పొరుగింటి పెదనాన్నకో వీటిని విడమరచి చెప్పగల విద్యార్థి చదువు ఇంటికి, ఊరికి అక్కరకు వస్తుంది.

అర్థాలు

మెలకువ : నేర్పు, జాగరూకత
ముచ్చిక : కాయ తొడిమ
శిలీంధ్రం : బూజు జాతి జీవి
వ్రణం : పుండు
పరగడుపు : ఏమీ తినని కడుపు
అంచెలంచెలుగా : క్రమక్రమంగా

ప్రశ్నలు

అ. వ్యాసరూప సమాధాన ప్రశ్నలు
1. స్టెరాయిడ్ ఇన్‌హేలర్ వల్ల గొంతుకు కలిగే ఇబ్బందులను, వాటి నివారణను వివరించండి.
2. స్టెరాయిడ్ మాత్రలను ఒక్కసారిగా ఎందుకు మానరాదు? పాఠం ఆధారంగా చర్చించండి.

ఆ. సంగ్రహరూప సమాధాన ప్రశ్నలు
1. మిరప ఘాటు వల్ల కలిగే గొంతు మంటను మందు వల్ల కలిగే మంట నుంచి ఎలా గుర్తించవచ్చు?
2. స్టెరాయిడ్ వాడేవారు పచ్చళ్లను ఎందుకు తగ్గించాలి?

ఇ. ఏకవాక్య సమాధాన ప్రశ్నలు
1. కార్టిసాల్‌ను తయారుచేసే గ్రంథులు ఏవి?
2. జీర్ణకోశ వ్రణాలకు ముఖ్య కారణమైన సూక్ష్మజీవి ఏది?