కరెంటా, గ్యాసా, ఎరువా?

ప్రశ్న: మా బీచుపల్లి ఆంజనేయస్వామి గుడి దగ్గర పూలు, అరటి తొక్కలు, కొబ్బరి చిప్పలు, విస్తరాకులు కృష్ణ ఒడ్డున గుట్టలవుతున్నాయి. చెత్తతో కరెంటు తీసే ప్లాంటు ఇక్కడ పెట్టొచ్చా అండీ?

జవాబు: వద్దనే అంటాను. హైదరాబాద్ జవహర్‌నగర్‌లో అలాంటి ప్లాంటు 2020లో మొదలైనప్పుడే 19.8 మెగావాట్లది. మహానగరం చెత్తంతా ఉంది కాబట్టి దానికి మేత దొరుకుతోంది. మీ చెత్తలో తడే ఎక్కువ. ఆ నీళ్లు ఇగరడానికే చాలా వేడి ఖర్చవుతుంది. 2016 నాటి ఘన వ్యర్థాల నిర్వహణ నిబంధనలు కూడా ఇంధనంగా వాడమన్నది రీసైకిల్ కాని, కిలోకు 1,500 కిలోకేలరీలకు తగ్గని చెత్తనే.

ఇక గ్యాస్ సంగతి. చూసి రాదగ్గది హైదరాబాద్ బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్. అక్కడి బయోగ్యాస్ ప్లాంటు రోజుకు 10 టన్నుల వ్యర్థాలతో దాదాపు 500 యూనిట్ల కరెంటు తీసేలా కట్టినది. గాలి చొరని తొట్టిలో సూక్ష్మజీవులు చేసే పని అది. వాటికి రోజూ తిండి పడాలి. గుడికి రద్దీ ఉండే శనివారం గొంతుదాకా కుక్కి, మిగతా రోజులు పస్తు పెడితే గ్యాస్ రాదు. పైగా కొబ్బరి పీచు వాటికి అరగదు (మనకు మాత్రం అరుగుతుందా!).

కాబట్టి మీ గుడికి నా ఓటు కంపోస్టుకే. పూలు, ఆకులు, తొక్కలు పేడనీళ్లతో కుప్ప వేసి వారానికోసారి తిరగేయండి. రెండు మూడు నెలల్లో ఎరువు. చిప్పలు, ప్లాస్టిక్ మొదటే వేరు చేయాలి. యంత్రాల ధరలు అడిగే ముందు ఒక నెలపాటు ఏరోజు చెత్త ఆరోజు తూచి రాసిపెట్టండి.