వైద్య పరిశోధనను విమర్శదృష్టితో చదవడం

"ఫలానా మందుతో వందమందికి నయమైంది" అన్న వార్త పత్రికలో కనబడగానే నమ్మేవారు చాలామంది. అచ్చయిన మాటకు మన సమాజంలో గౌరవం ఎక్కువ. కాని చెప్పినవారు హకీమైనా, ఆయుర్వేద వైద్యుడైనా, పెద్ద డాక్టరైనా ఆ మాటకున్న ఆధారాన్ని తూచి చూడడం విద్యావంతుల ధర్మం. కావ్యాన్ని పరీక్షించడానికి కొలబద్దలున్నట్లే వైద్య పరిశోధనకూ ఉన్నాయి.

ఇందుకు మద్రాసులో జరిగిన ఒక పరిశోధన చక్కని ఉదాహరణ. శానటోరియంలో విశ్రాంతి, పుష్టికరమైన ఆహారం లేనిదే క్షయ నయం కాదని ఒకప్పుడు గట్టి నమ్మకం. ఇంట్లో ఉంచితే పిల్లలకు సోకుతుందన్న భయం వేరే. కాని దేశంలో రోగులు లక్షల్లో, పడకలు వేలల్లో ఉండేవి. అందువల్ల 1956లో మద్రాసులో ఏర్పడిన క్షయ రసాయన చికిత్సా కేంద్రం, ఇంటివద్ద చికిత్స చాలునా అన్న ప్రశ్నను చేపట్టింది. ఫలితాలు 1959లో వెలువడ్డాయి.

దీనిని చదివేటప్పుడు నాలుగు ప్రశ్నలు వేసుకోవాలి.

మొదటిది: ఎవరిని ఎవరితో పోల్చారు? ఇరు వర్గాలకూ ఏడాదిపాటు అవే మందులు, ఐసోనియాజిడ్, పి.ఏ.ఎస్., ఇచ్చారు. భేదమల్లా చికిత్స జరిగిన చోటులోనే.

రెండవది: రోగులను ఎలా విభజించారు? చీటీలు వేసినట్లు, ఎవరి ఇష్టానికీ వదలకుండా. తేలికపాటి రోగులనే ఇంటికి పంపి ఉంటే పోలికకు విలువే ఉండదు.

మూడవది: దేనిని కొలిచారు? రోగి తృప్తిని కాదు; కఫంలో క్రిములను, ఎక్స్‌రే చిత్రాలను. ఇంటి చికిత్స ఫలితం శానటోరియం ఫలితానికి దీటుగా నిలిచింది. కుటుంబసభ్యులకు అదనపు ముప్పు కనబడలేదు.

నాలుగవది: ఏ పరిస్థితులలో? వారం వారం మందులిచ్చారు, ముందు చెప్పకుండా ఇళ్లకు వెళ్లి చూశారు, మందు వాడుతున్నారో లేదో మూత్రపరీక్షతో తెలుసుకున్నారు. ఈ శ్రద్ధను విడిచి "ఇంట్లో ఉంటే చాలు" అనడం ఆ పరిశోధనను వక్రీకరించడమే.

విద్యార్థులారా! మీ ఇళ్లలో పత్రిక చదివి వినిపించేది చాలావరకు మీరే. ఈ ప్రశ్నలకు సమాధానం లేని వార్తను హేళన చేయనక్కరలేదు. అయితే దానిని నమ్మి, ఇంటిలోని రోగి వాడుతున్న మందును మాత్రం మాన్పించకండి.