ఇటుకల వాకిలి – పాడుకాకుండా కడుగుదాం



వాకిలి ఊడ్వడం మనకు కొత్త కాదు. పొద్దున్నే లేస్తాం. సాన్పి చల్లుతాం. ముగ్గు వేస్తాం. మట్టి వాకిలికి ఆ పని చాలు.

ఇప్పుడు వాకిళ్లు మారాయి. బడి ముందు, ఆఫీసు ముందు, కొత్త ఇండ్ల ముందు ఇటుకలు పరుస్తున్నారు. కొన్ని ఎర్ర మట్టి ఇటుకలు. కొన్ని సిమెంటు ఇటుకలు. వీటిని పేవర్లు అంటారు. బూడిదతో చేసిన ఇటుకలు కూడా ఉన్నాయి.

భూపాలపల్లి బొగ్గు గనుల ఊరు. దగ్గరలోనే చెల్పూరులో కాకతీయ థర్మల్ విద్యుత్ కేంద్రం ఉంది. బొగ్గు లారీలు తిరిగే దారుల్లో నల్ల దుమ్ము లేస్తుంది. ఇటుకల మీద పడుతుంది. వానాకాలంలో పాచి పడుతుంది. కాలు జారుతుంది. ఇవన్నీ కడిగేది ఎవరు? ఎక్కువగా మన ఆడవాళ్లే. కాబట్టి ఈ పని బాగా తెలుసుకుందాం. పని తెలిస్తే ఇటుక పాడు కాదు. మన ఒళ్లు పాడు కాదు. కూలి కూడా గట్టిగా అడగవచ్చు.

ఇటుక నీళ్లు తాగుతుంది

ఇటుకలో కంటికి కనపడని సన్న రంధ్రాలు ఉంటాయి. పాలంపేట రామప్ప గుడి మనకు దగ్గరే. దానిని 1213లో కట్టారు. 2021లో యునెస్కో దానిని ప్రపంచ వారసత్వ కట్టడంగా గుర్తించింది. ఆ గుడి గోపురం ఇటుకలు నీళ్లలో తేలుతాయి. వాటిలో అన్ని రంధ్రాలు ఉన్నాయి, అంత తేలిక.

మన వాకిలి ఇటుక తేలదు. కాని నీళ్లు తాగుతుంది. 3 కిలోల ఇటుకను రోజంతా నానబెడితే అర కిలో దాకా నీళ్లు తాగవచ్చు. నీళ్లను తాగినట్టే మురికి సబ్బు నీళ్లను, యాసిడ్‌ను కూడా తాగుతుంది. అందుకే ముందు మంచినీళ్లతో తడపాలి. కడుపు నిండిన ఇటుక మురికిని తక్కువ తాగుతుంది.

ఇటుకల మధ్య సందుల్లో ఇసుక ఉంటుంది. ఆ ఇసుకే ఇటుకలను కదలకుండా పట్టి ఉంచుతుంది. ఇసుక పోతే ఇటుకలు ఊగుతాయి. గడ్డి మొలుస్తుంది. చీమలు పుట్టలు పెడతాయి.

పని చేసే తీరు

1. మూతికి కొంగు కట్టుకోవాలి. దుమ్ము లేవకుండా కొద్దిగా నీళ్లు చిలకరించి ఊడ్వాలి.

2. సందుల్లో గడ్డిని వేరుతో సహా పీకాలి.

3. వాకిలి అంతా మంచినీళ్లతో తడపాలి.

4. బకెట్ నీళ్లలో గుప్పెడు సబ్బు పొడి కలపాలి. కొంచెం కొంచెం జాగాలో పోసి, 10 నిమిషాలు ఉంచాలి. ఆరనీయవద్దు.

5. కొబ్బరి పీచుతో గాని, నైలాన్ బ్రష్‌తో గాని రుద్దాలి. ఇనుప తీగల బ్రష్ వద్దు. ఇటుక గీరుకుపోతుంది. తీగ ముక్కలు ఇరుక్కుని తుప్పు మరకలు పడతాయి.

6. ఎత్తు నుంచి పల్లానికి కడగాలి. ప్రెషర్ పైపు ఉంటే అడుగు దూరంలో, ఏటవాలుగా పట్టాలి. సందుల్లోకి నేరుగా కొట్టవద్దు.

7. బాగా ఆరనివ్వాలి. ఒకటి రెండు రోజులు పడుతుంది. తర్వాత జల్లించిన పొడి ఇసుక చల్లి, పొరకతో సందుల్లోకి నెట్టాలి.

మరకలు

నూనె మరక: పొడి బూడిద గాని, రంపపు పొట్టు గాని చల్లాలి. రాత్రంతా ఉంచాలి. నూనెను అది పీలుస్తుంది. తెల్లారి ఊడ్చి, సబ్బుతో రుద్దాలి.

పాచి: ముందు గీకి తీయాలి. 10 లీటర్ల నీళ్లలో 100 గ్రాముల బ్లీచింగ్ పౌడర్ కలిపి ఉంచాలి. పైన తేరిన నీళ్లే పోయాలి. 15 నిమిషాల తర్వాత కడగాలి. చెట్ల మొదట్లోకి, బావిలోకి పోనివ్వవద్దు. రంగు ఇటుకలైతే ముందు ఒక మూలన పోసి చూడాలి.

తెల్ల ఉప్పు: ఇటుకలోని ఉప్పు నీళ్లతో పైకి వచ్చి తెల్లగా పూస్తుంది. దీనిని నీళ్లతో కడిగితే మళ్లీ లోపలికి పోతుంది. ఎండలో పొడిగా ఉన్నప్పుడు బ్రష్‌తో దులపాలి.

యాసిడ్ సంగతి

"అక్కా, పాచి పోతలేదు. బ్లీచింగ్ పోసిన. జర యాసిడ్ గూడ పోద్దునా?"

"వద్దు చెల్లె! ఆ రెండు కలిస్తే విషపు గాలి లేస్తది. దాన్ని క్లోరిన్ అంటరు. కండ్లు మండుతయి. ఊపిరి ఆడది. పానం మీదికి వస్తది."

"మరి ఉత్త యాసిడ్ పోస్తే?"

"అది సిమెంటును తింటది. రంగు పోతది. ఒక్కసారి తెల్లగ కనపడ్డా, ఇటుక గరుకైతది. మళ్ల మురికి తొందరగ పడుతది."

"సార్ యాసిడే పొయ్యమంటున్నడు!"

"సీస మీద రాసింది చదివి వినిపియ్యి. నీకు ఇప్పుడు చదువు వచ్చె గద!"

గాలి తగిలితే వెంటనే ఆరుబయటికి రావాలి. కంట్లో పడితే 15 నిమిషాలు మంచినీళ్లు పోస్తూ కడగాలి. 108కి ఫోన్ చేయాలి. వట్టి చేతులతో, చెప్పులు లేకుండా ఈ మందులు ముట్టవద్దు.

కూలి లెక్క

వాకిలి పొడవు 12 అడుగులు. వెడల్పు 10 అడుగులు.
12 × 10 = 120 చదరపు అడుగులు.
అడుగుకు 3 రూపాయలు అనుకుందాం. 120 × 3 = 360 రూపాయలు.
సబ్బు, ఇసుక ఖర్చు 50 రూపాయలు. మిగిలింది 310.
ఇద్దరు పంచుకుంటే ఒక్కొక్కరికి 155 రూపాయలు.

ఇది లెక్క నేర్చుకోవడానికి చెప్పిన ధర. మీ ఊరి ధర మీరు మాట్లాడుకోండి. ఒక్క మాట మరువవద్దు. కడగడం ఒక రోజు. ఇసుక నింపడం ఇంకో రోజు. రెండో రోజు కూలి కూడా ముందే అడగండి. కాగితం మీద రాసుకోండి.

చెప్పండి

1. సబ్బు పోసే ముందు ఇటుకను ఎందుకు తడపాలి?
2. బ్లీచింగ్‌లో యాసిడ్ ఎందుకు కలపకూడదు?
3. సందుల్లో ఇసుక చేసే పని ఏమిటి?

చేయండి

మీ బడి వాకిలి కొలవండి. ఎన్ని చదరపు అడుగులో రాయండి. ఇంట్లో ఉన్న యాసిడ్ సీస మీది అక్షరాలు చదవండి. చదువు రాని పక్కింటి అక్కకు చదివి వినిపించండి.