మాటలాడు పెట్టెను కూర్చు విధము

సంఘ కార్యాలయపు గోడపై నంటించిన ప్రకటన చదువనేర్చిన సభ్యునకే యుపకరించును. చదువురాని రైతు అప్పు వాయిదా గడువు ఏనాటితో తీరునో పదిమంది నడిగి తెలిసికొనవలెను; ఒక్కొక్కప్పుడు గడువు దాటి అపరాధ వడ్డీ చెల్లింపవలసివచ్చును. మీట నొక్కినంతనే కార్యదర్శిగారి కంఠమే యా సంగతిని వినిపించునట్టి చిన్నపెట్టెను సంఘమువారే కూర్చుకొనవచ్చును. విద్యుత్పని కొంచెము తెలిసిన యువకు డొక్కడు సంఘమున నున్న చాలును. దాని మర్మమును తెలిపెదము.

ధ్వని యనగా గాలియందలి కదలిక. ఆ కదలికను ఎడతెగక కొలిచి అంకెలుగా వ్రాసికొని, ఆ అంకెలనే అదే వేగముతో మరల విద్యుత్తుగా మార్చి స్పీకరునకు పంపినచో తొల్లిటి కంఠమే వినవచ్చును. మాటలకు సెకనునకు 16,000 కొలతలు చాలును. ఒక్కొక్క కొలత 0 మొదలు 255 వరకు గల అంకెలలో నొకటి. అది యొక బైటులో నిముడును. ఈ లెక్కను నిమిషమునకు 9,60,000 బైట్లు. ఒక జీబీ కార్డులో 17 గంటల మాటలు పట్టును. కంప్యూటరులో ఆడాసిటీ వంటి సాధనముతో మాటను రికార్డు చేసి, ఒకే చానెలు గల 8 బిట్ల వేవ్ ఫైలుగా కార్డుపై నుంచవలెను.

ఇక అంకెలను చదువు యంత్రము. ఆర్డూయినో యూనో అను పలకపై ఏటీమెగా 328పి అను మైక్రోకంట్రోలరు గలదు. దాని తాత్కాలిక జ్ఞాపకము 2,048 బైట్లు మాత్రమే. సెకనులో ఎనిమిదవవంతు మాటకన్న నెక్కువ దానిలో పట్టదు. మరి గంటసేపు ఎట్లు పలుకును? పశువులు ఒక తొట్టి నీరు త్రాగుచుండగా పాలేరు రెండవ తొట్టిని నింపుచుండును గదా! ఇచ్చటను 512 బైట్ల తొట్లు రెండు. ఒకటి స్పీకరునకు ఖాళీ యగుచుండగా రెండవదానిని కార్డునుండి నింపవలెను. ఒక్కొక్కటి సెకనులో వేయింట 32 భాగములలో నొట్టిపోవును. అంతలో రెండవది నిండకున్నచో మాట తెగి తెగి వచ్చును. ప్రోగ్రాము వ్రాయువారు శ్రద్ధ వహింపవలసిన చోటు ఇదియే.

కొలతకును కొలతకును నడుమ నెడము సమముగా నుండవలెను. ఈ మైక్రోకంట్రోలరు గడియారము సెకనునకు కోటి యరువది లక్షల మారులు కొట్టుకొనును. దానిని 8చేతను, పిమ్మట 125చేతను భాగించినచో సరిగా 16,000 వచ్చును. ఆ వేళకెల్ల టైమరు పిలుచును. ప్రోగ్రాము తొట్టిలోని తరువాతి యంకెను తీసి 9వ పిన్నునకు నప్పగించును. ఆ పిన్ను సెకనునకు 62,500 మారులు వెలిగి యారుచుండును. అంకె పెద్దదైనకొలది వెలుగు కాలము హెచ్చును. 1,000 ఓముల రెసిస్టరును, 0.022 మైక్రోఫారడ్ల కెపాసిటరును దాటునప్పటి కీ మిణుకులు నునుపుదేరి ధ్వనిరూపము నొందును.

రెండు హెచ్చరికలు. పిన్నును స్పీకరునకు నేరుగా కలుపరాదు. 8 ఓముల స్పీకరు 5 వోల్టులవద్ద 600 మిల్లీ ఆంపియర్లకు మించి లాగజూచును. పిన్ను 40కి మించి యోర్వదు. నడుమ ఎల్.ఎం. 386 అను చిన్న యాంప్లిఫయరు నుంచవలెను. కార్డు 3.3 వోల్టులది, 5 వోల్టుల తీగ తగిలిన చెడును. వోల్టు తగ్గించు నేర్పాటు గల కార్డు పలకనే కొనవలెను.

ఎంపీ3 ఫైళ్లను విప్పు శక్తి ఈ మైక్రోకంట్రోలరునకు లేదు. తొందర గలవారు డీఎఫ్ ప్లేయరు మినీ అను పలకను కొనవచ్చును. అది తానే ఫైలును విప్పి పలుకును, మైక్రోకంట్రోలరు ఆజ్ఞ లిచ్చిన చాలును. పని సులభమే గాని, లోపలి సంగతి తెలియగోరు యువకులు మొదటి మార్గము నవలంబించుటయే మాకు నచ్చును. చెడినప్పుడు ఎక్కడ చెడెనో వారే కనుగొనగలరు. మీటలు నాలుగైదు చాలును: వాయిదా తేదీ, ఎరువుల రాక, విత్తనముల ధర, సర్వసభ్య సమావేశము. ప్రతి మీటపై చదువురానివారు గుర్తించునట్లు బొమ్మ నంటింపవలెను; తేదీ మారిననాడే పాత ఫైలును తీసి క్రొత్తది యుంచు భారమును గుమాస్తా కప్పగింపవలెను.